జనం రాకముందు తీసిన ఫోటో

మొన్న మధ్యాహ్నం భోంచేసి పడక కుర్చీలో నడుం వాల్చానో లేదో, మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి నా ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టింది. ఈసారి మా నియోజకవర్గంలో టికెట్ అడుగుతున్న ఒకాయన ఊరేగింపట, పైనుంచి ఎగిరే కెమెరాతో తీశారట, రోడ్డు పొడుగునా చీమలబారులా జనం. అబ్బో ఇంతమందా అని నేను నోరు తెరిస్తే, ఆ పిల్ల పకపకా నవ్వి, సగం మంది కంప్యూటర్లో పుట్టినవాళ్ళే తాతయ్యా, ఇలాంటివి ఇప్పుడెవరు నమ్ముతారు అనేసి వెళ్ళిపోయింది. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. నా ఈడు వాళ్ళకి తెలుసు, ఒకప్పుడు అందరూ నమ్మేవాళ్ళు, పేపర్లో పడిందంటే కళ్ళారా చూసినవాడు కూడా తన కళ్ళనే అనుమానించుకునేవాడు. ఆ నమ్మకమే మా బాబాయిని ముంచింది, ముంచిన చెయ్యి నాది.

అప్పట్లో నేను గుంటూరు నుంచి వచ్చే ఒక దినపత్రికకి మా మండల విలేకరిని. విలేకరి అంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు, మెడలో ఒక కెమెరా, జేబులో ఒక కార్డు, అంతే. వార్త చేత్తో రాసి, ఫోటో కడిగించి, రెండూ కవర్లో పెట్టి మధ్యాహ్నం మూడింటి గుంటూరు బస్సు డ్రైవరు చేతిలో పెడితే, అక్కడ ఆఫీసు మనిషి వచ్చి తీసుకెళ్ళేవాడు. ఆ బస్సు తప్పితే ఆ వార్త మర్నాటి పేపర్లో లేనట్టే. అందుకని మాలో చాలామందికి ఒక పాడు అలవాటు ఉండేది. సాయంత్రం జరగబోయే సభని మధ్యాహ్నమే జరిగినట్టు రాసేసేవాళ్ళం. ఎలాగూ జరిగేదేగా, జనం ఎలాగూ వచ్చేవాళ్ళేగా అనుకునేవాళ్ళం. ఎవరూ పట్టించుకోలేదు, ఎప్పుడూ తేడా రాలేదు, అదే మా కొంప ముంచింది.

మా బాబాయి మా నాన్న తర్వాతివాడు. మిరప చేలు, పత్తి చేలు తప్ప వేరే లోకం లేని మనిషి. కల్తీ విత్తనాలతో చుట్టుపక్కల చేలన్నీ పూత రాలిపోయిన ఏడు, రైతుల్ని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, అలా నలుగురి నోళ్ళలో పడ్డాడు. ఎన్నికలు దగ్గరికొచ్చేసరికి పార్టీ టికెట్ అడిగాడు. అడిగినవాళ్ళు ముగ్గురు. ఎవరి బలమెంతో చూసి చెప్పమని పార్టీ ఒక పరిశీలకుణ్ణి పంపింది. ఆయన అతిథి గృహంలో దిగి, ఎవరి సభకీ తాను వెళ్ళకుండా, పొద్దున్నే పేపర్లు తెప్పించుకుని చూసేవాడు. మిగతా ఇద్దరూ టౌన్లో పొద్దుటిపూట సభలు పెట్టి, కాలేజీ కుర్రాళ్ళని నింపి, ఫోటోలు దివ్యంగా వేయించుకున్నారు. మా బాబాయి ససేమిరా అన్నాడు. కాయ కోతల రోజులు, ఎవరూ నా కోసం కూలి పోగొట్టుకోవడానికి వీల్లేదు, చేలోంచి వచ్చాకే సభ అన్నాడు. సభ సాయంత్రం ఆరింటికి, బస్సు మూడింటికి, మర్నాడు మధ్యాహ్నమే పరిశీలకుడు వెళ్ళిపోతాడు. అంటే మా సభ ఫోటో ఆయన కంట పడే దారే లేదు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. మిట్టమధ్యాహ్నం హైస్కూలు ఆవరణలో షామియానా వేసి కుర్చీలు సర్దుతున్న వేళ, బాబాయిని లాక్కొచ్చి స్టేజీ ఎక్కించాను. ఎదురుగా ఎవరూ లేకుండా ఎవరితో మాట్లాడుతున్నట్టురా అని ఆయన మొహమాటపడుతుంటే, ఫోటో కోసం బాబాయ్, ఒక్క నిమిషం చెయ్యెత్తు అని బతిమాలాను. మా చుట్టాల్నీ కుర్చీలు మోసేవాళ్ళనీ ఓ ఇరవై మందిని ముందు ఇరికించి, దగ్గరగా నిలబడి తీశాను. అంతకుముందు, కొత్త రీలు ఎక్కించాక అలవాటు చొప్పున ఒకటి ఊరికే నొక్కాను. అందులో పడ్డది ఖాళీ కుర్చీల వరసలు, చివర్న స్టేజీ మీద ఒంటరిగా మా బాబాయి. స్టూడియో అతను హడావిడిలో రెండూ కడిగేశాడు. బస్సు హారన్ కొడుతోంది. తడి ఆరని ప్రింట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయని కూడా చూడకుండా, ఇసకేస్తే రాలనంత జనం వచ్చారని రాసిన కాగితంతో కలిపి కవర్లో తోసేసి, డ్రైవరు చేతిలో పెట్టి అమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రం నిజంగానే వచ్చారు.  కోతల నుంచి తిన్నగా, ఇళ్ళకి కూడా పోకుండా, తలగుడ్డలతో, మిరప ఘాటుకి ఎర్రబడ్డ కళ్ళతో, చేతులు భగభగ మండుతుంటే చల్లటి నీళ్ళ సీసాలు పట్టుకుని ఆడవాళ్ళు ముఠాలు ముఠాలుగా వచ్చారు. కుర్చీలు చాలక గోడల మీద కూర్చున్నారు. నేను రాసిన అబద్ధం నిజమైపోయిందని పొంగిపోయి ఫోటోలు తీశాను గానీ, అప్పటికే చీకటి పడింది, నా ఫ్లాష్ మూడు వరసలు దాటలేదు. వాళ్ళ వెనక అంతా నలుపే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పేపరు తెరిచాను. గుంటూరు ఆఫీసు డెస్కులో ఎవరో అంటుకున్న ప్రింట్లు ఊడదీసేసరికి దగ్గరి ఫోటో చిరిగిందట. నా రాత పక్కన పారేసి, ఖాళీ కుర్చీల ఫోటోని పేజీ సగం వేసి, కుర్చీలకు ఉపన్యాసం అని శీర్షిక పెట్టారు. టీ బంకు దగ్గర నవ్వుతున్నారు. బాబాయి మటుకు పేపరు మడిచి చంకలో పెట్టుకుని, పదరా, ఆయనకి ఉన్నదున్నట్టు చెబుదాం అన్నాడు. కోప్పడినా బాగుండేది.

పరిశీలకుడు అప్పటికి పెట్టె సర్దుకుంటున్నాడు. బాబాయి నా వైపు చూశాడు. చెప్పక తప్పదు. ఆ ఫోటో మధ్యాహ్నం జనం రాకముందు తీసిందని, మూడింటి బస్సుకే పంపానని, జనం వచ్చారని కూడా అప్పుడే రాసేశానని, సాయంత్రం మాత్రం నిజంగా వచ్చారని, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. రాత్రి తీసి అప్పటికప్పుడు కడిగించిన ఫోటో చూపించాను. ఆయన ఆ నలుపుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చి, చాలా నెమ్మదిగా, "జనం రాకముందే వచ్చారని రాసినవాడివి. ఇప్పుడు వచ్చారంటే నేనెట్లా నమ్మను బాబూ?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.  నేను ఏమీ రాయకుండా, ఏమీ తియ్యకుండా ఊరుకుని ఉంటే, ఆ పరిశీలకుడు చుట్టుపక్కల ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు కదా.

టికెట్ కాలేజీ కుర్రాళ్ళని నింపిన ఇద్దరిలో ఒకాయనకి వచ్చింది. మా పేపరు నాలుగు రోజుల తర్వాత మిరప ధరల పట్టిక కింద వేలెడంత సవరణ వేసింది, అప్పటికి ఎవరికి కావాలది? బాబాయి ఆ తర్వాత మైకు ముట్టలేదు. ఉన్నన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఎవరింట్లో పెళ్ళయినా, కెమెరా ఎదురైతే మాత్రం లేచి పక్కకి వెళ్ళిపోయేవాడు, అది చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది.

వీటన్నిటికంటే నన్ను ఇప్పటికీ నిలవనీయనిది వేరే ఉంది. ఆ వారమే మా చేలో కోతకొచ్చిన ముఠా మేస్త్రి, నడివయసు మనిషి, గట్టు మీద కూర్చుని మంటలకి మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని, ఎవరో పేపరు చూపించి చదివి చెప్పారట, నన్ను పిలిచి అడిగింది. "మేమంతా వచ్చాం గదా బాబూ, మరి ఆ ఫోటోలో మేమెందుకు లేం?" 

ఇప్పుడు కోతకొచ్చే ప్రతి ఆడమనిషి రొంటినా ఫోనుంది, ఎక్కడికెళ్ళినా తన ఫోటో తనే తీసుకుంటుంది, ఎవడి దయా అక్కర్లేదు. అది నాకు సంతోషమే. కాకపోతే ఇప్పుడు ఎవరేది చూపించినా మా మనవరాలు నవ్వుతుంది, నిజంగా ఉన్నవాళ్ళని చూసినా నవ్వుతుంది. ఆ రోజు అంతమంది మండే చేతులతో నిలబడ్డారని చూపించడానికి అప్పుడు ఉన్నది నా కెమెరా ఒక్కటే. అది నేను వాళ్ళు రాకముందే వాడేశాను.