సాంబయ్య మావయ్య నీటి వంతు

మా చిన్నప్పుడు... నేను ఆరో తరగతిలో ఉండగా, ఒక సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఊరి పెద్దల ముందు అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో నా స్నేహితురాలు పద్మ వాళ్ళ పొలానికి నీటి వంతు పోయింది.

మాది రేపల్లె దగ్గర, కాలువ చివర ఉన్న ఊరు. నీళ్ళు వంతుల మీద వచ్చేవి. ఊళ్ళో పార్టీలు రెండు, పార్టీకొకటిగా టీ హోటళ్ళూ రెండే...

"ఏం అన్నాయ్, మీ హోటల్లో పంచదార మీ పార్టీ వాళ్ళకేనంటగా?" అనేవాడు మా బాబాయి, పద్మ వాళ్ళ నాన్న సాంబయ్య మావయ్యతో.

"మీ దాంట్లో అసలు పాలే పొయ్యట్లేదంటగా తమ్ముడూ!" అనేవాడు ఆయన.

ఆ ఏడు ఎన్నికల్లో మా పార్టీ ఓడిపోయింది. ఈ మాటలూ ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున నాన్నకు పొలానికి టిఫిన్ తీసుకెళ్తున్నాను. ఆ రోజు సాంబయ్య మావయ్య వంతు. బాబాయి పారతో ఆయన పొలానికి నీళ్ళు పారే బోదెకు మట్టి అడ్డం వేసి, నీళ్ళు మా పొలంలోకి తిప్పుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

సాంబయ్య మావయ్య ఫిర్యాదు మీద మర్నాడు పెద్దలు కూర్చున్నారు. బాబాయి తడబడలేదు. "ముందు మా వంతులో గట్టు తెగ్గొట్టింది ఈయనేనండి. మా అమ్మాయి చూసింది, అడగండి."

అలాంటిదేదీ నేను చూడలేదు.

"ఏమ్మా, చూశావా?"

"చూశానండి."

సాంబయ్య మావయ్య నా వైపు చూసి, "ఆ పిల్లే చెప్పాక ఇంకేం మాట్లాడతాంలేండి" అన్నాడు. తప్పు కింద ఆయన తర్వాతి వంతు తీసేశారు. అప్పుడే వరి పొట్టకొచ్చింది... ఆ ఏడు వాళ్ళకు మిగిలింది తాలు గింజలే.

నన్నెవరూ బెదిరించలేదు. మనవాళ్ళ వైపు మాట్లాడటమే మంచితనం అనుకున్నాను.

నాన్న చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు నడిచేవాడు. కానీ ఆ పొలం ఎండిపోతోందని నేను చెబితే, "వాళ్ళు గెలిచి మన గుమ్మం ముందు టపాకాయలు కాల్చినప్పుడు మన మీద జాలిపడ్డారా?" అన్నాడు. అన్నం కలుపుకుంటూనే అన్నాడు...

బడిలో పద్మ నా పక్కన కూర్చోవడం మానేసింది. మరుసటి ఏడు వాళ్ళు బాపట్ల వెళ్ళిపోయారు.

తర్వాత నేను తెనాలిలో విలేకరినయ్యాను. ఒకే పనిని మనవాళ్ళు చేస్తే పట్టుదల అనీ, అవతలివాళ్ళు చేస్తే దౌర్జన్యం అనీ చెప్పడం చాలాసార్లు విన్నాను. అందుకే రాజకీయ వార్త రాశాక, పార్టీ పేర్లను వేలితో మూసి ఒకసారి చదువుతాను. ఆ అలవాటు నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ రెండు హోటళ్ళూ లేవు. ఫోన్లలో రెండు గ్రూపులున్నాయి. ఎదురుపడి ఎగతాళి చేసుకునేవాళ్ళు కూడా లేరు...

మీ ఇళ్ళలో "మనవాళ్ళు" అన్న మాట మీ చేత ఏం చేయించింది? చెప్పగలిగితే కింద రాయండి.

పోయినవారం పద్మ నంబరు దొరికింది. వస్తానన్నాను.

"ఆ నీళ్ళ సంగతేనా?" అంది.

అవునన్నాను.

"నాన్నకు చెవులు సరిగా వినపడవే. గట్టిగా చెప్పాల్సొస్తది" అంది.

ఈ ఆదివారం ఉదయం పదింటికి బాపట్లలో వాళ్ళింటికి వెళ్తున్నాను.