మీటర్ మీద ఎర్ర లైటు

గదిలోంచి ఎవరైనా ఇవతలికొస్తే చాలు, కమలాకుమారి చెయ్యి స్విచ్ మీదుంటుంది. ఢిల్లీ ఆర్.కె. పురంలో ఆవిడ క్వార్టర్‌లో ఖాళీ గదిలో ఫ్యాను తిరిగే ప్రసక్తే లేదు. అయినా ఈ నెల కూడా కరెంటు బిల్లు పేలిపోయింది. "గీజర్ కట్టెయ్యడం మర్చిపోయేది నువ్వేనే!" అని కూతురు శ్రీవల్లి మీద పడింది. "మై నహీ మమ్మీ! అన్నీ ఆపు, నేను మీటర్ చూస్తా," అంటూ ఆ పిల్ల మెట్ల దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ వంటింటి ఫ్రిజ్‌తో సహా ఇంట్లోవన్నీ ఆపేసింది. "మీటర్ మీద ఎర్ర లైటు ఇంకా కొట్టుకుంటోంది మమ్మీ, ఏదో కరెంటు లాగుతోంది!"

ఇక మిగిలింది బాల్కనీలో పాత ఫ్రిజ్. తెనాలి వెళ్ళినప్పుడల్లా రైల్లో మోసుకొచ్చిన గోంగూరంతా దాంట్లోనే దాస్తుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. తలుపు తీసి, గడ్డకట్టిన పొట్లాలన్నీ ఓసారి తడిమింది. తర్వాత ప్లగ్ పీకేసింది. "రుక్ గయా! లైటు ఆగిపోయింది!" అని మెట్ల దగ్గర్నించి కేక వినబడింది. సాయంత్రానికి బ్లాకులో తెలుగిళ్ళన్నిటికీ గోంగూర చేరింది. ఆఖరి పొట్లం ఎదురింటి పంజాబీ ఆంటీకిచ్చి, ఎలా వండాలో హిందీలో చెప్పి, మూతపెట్టి ఉడికిస్తే గ్యాసు కలిసొస్తుందని మరీ చెప్పొచ్చింది.