పైపు రంగేసిన ఇంగ్లండు బండి

పాశమైలారంలో నేను ఉద్యోగానికి కుదిరిన కొత్తలో మా వైపు ఇళ్ళల్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. విరిగిన వస్తువు ఏదైనా సరే, ఒక్కసారి కంపెనీ లోపలికి వెళ్ళిందంటే బాగుపడి బయటకు వస్తుందని. కుక్కర్ పిడి ఊడితే కంపెనీ, గ్యాస్ పొయ్యి కాలు విరిగితే కంపెనీ, ఆఖరికి పక్కింటి ముసలమ్మ కళ్ళజోడు కాడ విరిగినా "కంపెనీకి తీస్కపో బిడ్డా, గా వెల్డింగాయనకు జెర సూపియ్యి" అనేది. మందులు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను ట్రైనీ కెమిస్టును (గాజు సామాను కడగడమే అందులో ముప్పాతిక భాగమని ఇంట్లో చెప్పలేదు). ఊళ్ళోవాళ్ళకు మాత్రం నేను పొద్దున టిఫిన్ సంచిలో పాడైనవి పట్టుకెళ్ళి, సాయంత్రం బాగైనవి పట్టుకొచ్చే మనిషిని. ఆ గౌరవం నా తలకెక్కింది. ఎక్కకుండా ఉంటే ఈ కథే లేదు.

చిట్కుల్‌లో మా మేనమామ దగ్గర ఒక సైకిలు ఉండేది. ఉండేది అంటే, పశువుల కొట్టంలో దూలానికి ముక్కలు ముక్కలుగా వేలాడుతుండేది. మామ వయసులో ఉన్నప్పుడు, ఆయన పనిచేసిన కంపెనీలో మిషన్లు బిగించడానికి ఇంగ్లండు నుంచి ఒక దొర వచ్చాడట. వస్తూ తన పందెం సైకిలు కూడా తెచ్చుకున్నాడు. వెళ్ళేటప్పుడు దాన్ని మోసుకుపోవడానికి బద్ధకించి మామ చేతిలో పెట్టాడు. పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు, వేలు లావు టైర్లు, రెండు వేళ్ళతో ఎత్తగలిగే సన్నటి ఉక్కు గొట్టాలు. గాలిలా దూసుకుపోవాలని చేసిన ఆ బండికి మామ వెనక క్యారేజీ వేయించి రెండు పక్కలా పాల క్యాన్లు కట్టాడు. పాపం, అది చాలా ఏళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు అత్తమ్మ దాని మీద బియ్యం మూట కూడా పెట్టేసరికి సీటు కింద గొట్టం పటుక్కున చిట్లింది. ఎవరి వల్ల విరిగిందన్న వాదన వాళ్ళిద్దరి మధ్య ఇప్పటికీ తేలలేదు.

నేను చెప్పే రోజుల్లో మామ ఉద్యోగం మానేసి మంచం పట్టాడు. జబ్బేమీ కాదు, మోకాళ్ళు అరిగాయి. దానికన్నా మనసు ఎక్కువ అరిగింది. నలుగురిలో నోరు మూయని మనిషి, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేవాడు. డాక్టరు "నడక తగ్గించి సైకిల్ తొక్కు, లేకుంటే కాళ్ళు బిగుసుకుపోతాయి" అన్నాడు. అత్తమ్మ కొత్త సైకిలు కొంటానంది. మామ గోడవైపు నుంచే జవాబిచ్చాడు: "తొక్కితే నా బండి తొక్కుత. లేకుంటే లేదు." ఆ రోజు అత్తమ్మ నన్ను కొట్టం దగ్గరికి పిలిచి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీ మామ గిట్లనే పండుకుంటే ఇగ లేవడు రా. నాకు భయమైతున్నది" అంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కంపెనీకి తీస్కపోత అత్తమ్మా, కొత్తదాని లెక్క చేసి తెస్త" అనేశాను. మామ ఆ మాట విని మంచం మీద లేచి కూర్చున్నాడు. "నిజంగనా అల్లుడా?" అన్నాడు. ఆయన అలా లేచి కూర్చోవడం చూశాక మాట వెనక్కి తీసుకునే దారి లేదు.

మా గేటు దగ్గర పద్ధతి ఏమిటంటే, లోపలికి ఏం తెస్తున్నారో ఎవరూ చూడరు. బయటకు వెళ్ళేటప్పుడు మాత్రం టిఫిన్ గిన్నె మూత కూడా తీయిస్తారు. కాబట్టి ఆ సైకిలు చట్రాన్ని అత్తమ్మ పాత చీరలో చుట్టి, కంపెనీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని దర్జాగా లోపలికి తీసుకెళ్ళాను. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ప్లాంటులో రాగి పైపులు అతికే ఒడియా భయ్యా ఒకాయన ఉండేవాడు. మామూలు వెల్డింగు పెడితే ఆ సన్నటి గొట్టం కాలిపోతుందని, ఇత్తడి కరిగించి ఎంతో ముద్దుగా అతికాడు. అంతటితో ఆగితే బాగుండేది. "రంగు కూడా వేసేద్దాం భాయ్, డబ్బా అడుగున మిగిలింది" అన్నాడు. నేను సంబరంగా సరేనన్నాను. ఆ రంగు చల్లనీళ్ళ పైపులకు వేసే ఆకుపచ్చ. సరే, ఆకుపచ్చే కదా అనుకుని నేను ల్యాబుకు వెళ్ళి వచ్చేసరికి, చేతి అలవాటు కొద్దీ భయ్యా పై గొట్టం మీద తెల్లటి బాణం గుర్తు కూడా వేసి పెట్టాడు, నీళ్ళు ఎటు పారుతున్నాయో తెలియడానికి. "ఇందులో నీళ్ళు పారవు కదా భయ్యా" అంటే, తన పని తను చూసుకుని తలగోక్కుని, "పైప్ హై తో తీర్ చాహియే నా" అన్నాడు, పైపన్నాక బాణం ఉండాలి కదా అని.

సాయంత్రం దాన్ని భుజాన వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కడ సుబేదార్ సాబ్ ఉండేవాడు. మిలిటరీలో రిటైరై మా గేటుకు వచ్చిన మనిషి. మీసాలు కూడా డ్యూటీలో ఉన్నట్లే నిలబడేవి.

"ఏంది ఇది?"

"సైకిల్ సాబ్."

"చక్రం ఏది? పెడల్ ఏది? కూసునే సీటు ఏది?" అంటూ చుట్టూ తిరిగి చూశాడు. "మన పైపు రంగు. మన బాణం. ఇది సైకిలా?"

"మా మామది సాబ్. పొద్దున నేనే తెచ్చిన."

"తెచ్చినట్టు గేట్ల ఎంట్రీ ఉన్నదా?"

"లేదు సాబ్."

"ఎంట్రీ లేదంటే లోపలికి రాలే. లోపలికి రాలేదంటే ఇక్కడిదే. ఇక్కడిదైతే బయటికి పోదు." ఇంత చక్కటి తర్కం వినిపించి, చట్రాన్ని తీసుకెళ్ళి గేటు పక్కనున్న తుక్కు కుప్ప మీద పెట్టించాడు. తుక్కు లారీ ఎల్లుండి వస్తుందట. వచ్చిందంటే ఆ ఇంగ్లండు ఉక్కు సాయంత్రానికల్లా దగ్గర్లోని కొలిమిలో కరిగి, ఎవరింటి స్లాబులోనో కడ్డీ అయిపోతుంది.

ఆ రోజు బస్సు దిగి మామ ఇంటి మలుపు తిరిగితే, ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎన్ని నెలలైందో ఆయన మంచం దిగి బయటకు వచ్చి. నా చేతులవైపు చూసి, "ఏది రా బండి?" అన్నాడు. "రంగు ఆరలే మామా" అన్నాను. "మంచిగ ఆరనీ తియ్యి, తొందరేముంది" అన్నాడు. కానీ లేచి లోపలికి పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు నాకు అన్నం సహించనివ్వలేదు.

మర్నాడు షిఫ్టు మారే వేళ గేటు ఎదురుగా చెట్టు కింద దిగులుగా కూర్చుని ఉండగా, జీవితంలో నాకు వచ్చిన కొద్దిపాటి మంచి ఆలోచనల్లో ఒకటి వచ్చింది. షిఫ్టు దిగిన కార్మికులు సైకిళ్ళ మీద వరసగా బయటకు వెళ్తున్నారు. సుబేదార్ వాళ్ళ సంచులు తెరిపిస్తున్నాడు, జేబులు తడుముతున్నాడు. కానీ సైకిలు ఎక్కడిదని ఒక్కణ్ణీ అడగడం లేదు. చట్రం భుజం మీద ఉంటే సామాను. అదే చట్రం మనిషి కింద ఉంటే బండి. ఇక తుక్కు కుప్ప కూడా లోపలే ఉంది కదా, లోపల ఏ వస్తువు ఎటు తిరిగినా అడిగేవాడు లేడు! పరుగున వెళ్ళి భయ్యాతో చెబితే ఆయన నన్ను వాటేసుకున్నంత పని చేశాడు.

ఆ రాత్రి అత్తమ్మ చప్పుడు కాకుండా దూలం మీది చక్రాలు, పెడళ్ళు, గొలుసు, హ్యాండిలు, సీటు దించి గోనెసంచిలో వేసి ఇచ్చింది. టైర్లు నేను ముందే హైదరాబాదులో పాత సామాను దుకాణాలన్నీ తిరిగి సంపాదించాను. లారీ వచ్చే రోజు పొద్దున బస్సులో ఆ మూటతో నేను ఇద్దరి సీట్లో ముగ్గురిలా కూర్చున్నాను. లోపలికి తెచ్చేది కనుక, అనుకున్నట్లే ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి, తుక్కు కుప్ప మీది చట్రాన్ని చిల్లర్ గదికి చేర్చి బిగింపు మొదలుపెట్టాం. పెడళ్ళ ఇరుసును పట్టి ఉంచే కుడివైపు గిన్నె మర ఎంత తిప్పినా ఎక్కదు. నేను తిప్పాను, భయ్యా తిప్పాడు, అటుగా వచ్చిన బాయిలర్ ఆపరేటరు తిప్పాడు. చివరికి భయ్యా విసుగెత్తి, తన భాషలో దొరని తిడుతూ, వెనక్కి తిప్పాడు. హాయిగా ఎక్కి కూర్చుంది! కుడివైపు మరలు తిరగేసి చేస్తారని ఇంగ్లండువాళ్ళు మాకు కబురు పెట్టలేదు మరి. బయట తుక్కు లారీ హారన్ వినిపిస్తుండగా గొలుసు వేశాం. బ్రేకులు ఒకటే, అదీ ముందుది, బిగించగలిగాం.

ఇక నేను ఎక్కాలి. అంతవరకు ఆ రకం సైకిలు ఎక్కి ఎరగను. ఆ కొమ్ముల హ్యాండిలు పట్టుకుంటే తల కిందికి, నడుము పైకి పోయి, ఎవరికో సాష్టాంగపడబోతున్నట్లు ఉంది. షిఫ్టు దిగిన సైకిళ్ళ వరసలో నేనూ దూరాను. తల ఎత్తితే సుబేదార్ కనిపిస్తాడని ఎత్తలేదు. తీరా గేటు దగ్గర బ్రేకు నొక్కితే, పాత రబ్బరు పెట్టిన కీచుకు ఇటు లారీ డ్రైవరు, అటు సుబేదార్, మధ్యలో రెండు కుక్కలు ఒక్కసారే నావైపు తిరిగాయి.

సుబేదార్ దగ్గరికి వచ్చాడు. ఆకుపచ్చ రంగు చూశాడు. తెల్లబాణం చూశాడు. తర్వాత ఖాళీ అయిన తుక్కు కుప్ప మీది చోటు చూశాడు.

"సైకిల్ మీదనే వచ్చినవా పొద్దుగాల?"

"లేదు సాబ్, బస్సుల వచ్చిన" అన్నాను (అబద్ధమాడడానికి అంతకన్నా మంచి సందర్భం నా జన్మలో మళ్ళీ రాలేదు). నా వెనక భయ్యా నెత్తి కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

సుబేదార్ ఆకాశంవైపు చూశాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు గంటలు మోగించడం మొదలుపెట్టారు. "ఇంట్ల పెండ్లాం పిల్లలు చూస్తుంటరు సాబ్" అని ఎవరో అరిచారు. ఆయన నా టిఫిన్ సంచి తెరిపించి, ఖాళీ గిన్నె మూత తీయించి, మళ్ళీ పెట్టించాడు. "సంచిల సామాన్ ఏం లేదు" అని తనకు తానే గట్టిగా చెప్పుకున్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "మీ మామకు నా సలాం చెప్పు. అయిందిగ, చలో, చలో, జల్దీ!" అన్నాడు. ఆ తర్వాత ఇస్నాపూర్ దాకా నేను తొక్కానో, అదే పరిగెత్తిందో నాకు తెలియదు.

మామ అరుగు మీదే ఉన్నాడు. బండిని చూసి అరుగు దిగాడు. చుట్టూ తిరిగాడు. "నల్లగ ఉండె గద రా నా బండి? గీ బాణమేంది, నాకు తొవ్వ తెల్వదనుకున్నవా?" అని మాత్రం అన్నాడు. అత్తమ్మ వద్దంటున్నా నా భుజం పట్టుకుని, ఒక కాలు అటు వేసి, ఓ క్షణం ఆగి, పెడలు తొక్కాడు. పొట్టేలు కొమ్ముల కిందికి వంగలేదు. పైనే పట్టుకుని, పాల క్యాన్లు మోసిన రోజుల్లో కూర్చున్నట్లే నిటారుగా కూర్చున్నాడు. "ఎన్క ఉరుకు రా, పడ్తడు!" అని అత్తమ్మ అరిస్తే నేను పరిగెత్తాను. మలుపు దగ్గర ఆయన వెనక్కి తిరగకుండానే "నువ్వెందుకు రా? ఇంటికి పో" అన్నాడు. నేను ఆగిపోయాను. ఆయన ఆగలేదు.

పొద్దుగూకాక వచ్చాడు, పాత కంపెనీ దోస్తులందరినీ కలిసి. వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్లే మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎవరి పొలంలో షెడ్డు వేశారు, ఎవరి కొడుకు తాగుతున్నాడు, చాయ్ ఎక్కడ పాడైంది, ఎక్కడ బాగుంది. అన్నం తింటూ మాట్లాడాడు, చేయి కడుగుతూ మాట్లాడాడు. అత్తమ్మ కూర వడ్డిస్తూ "ఇగ ఈయన నోరెవరు మూపిస్తరు రా దేవుడా" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం పళ్ళెం ముందు మూతి ముడుచుకుని కూర్చున్నాను. తుక్కు లారీ నోట్లోంచి లాక్కొచ్చిన బండి గురించి ఈ మనిషి ఒక్క మంచి మాటైనా అంటాడేమోనని.

ఇప్పుడు నా దగ్గర పాత ఇంగ్లండు బళ్ళు నాలుగున్నాయి. ఆదివారాలు వాటితోనే గడిచిపోతాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు, రంగు ఎక్కడ వేయించారని అడుగుతారు. నేను పొంగిపోతాను కూడా. కానీ మెచ్చుకోళ్ళు అయిపోయాక, ఆ రాత్రి మెతుకు మెతుక్కీ మామ ముఖంలోకి ఆశగా చూసిన ఆ వెర్రి కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి పక్కన చేరి వాడి వీపు మీద ఒకటి చరిచి చెప్పాలనిపిస్తుంది: ఒరే, కూర చల్లారిపోతోంది తిను, ఆ మనిషి గంట నుంచీ నిన్ను మెచ్చుకుంటూనే ఉన్నాడు.