చిన్నాయన పడేసిన ఆట

నా చిన్నప్పుడు మా చిన్నాయన పత్తాలాటకు పోతే నన్ను కూడా వెంటబెట్టుకుని పోయేవాడు. నాకు ఆట రాదు, ఊరికే పక్కన కూచోవాలి, అంతే. ఒకసారి నేను పక్కనున్నప్పుడు ఆయనకు బాగా కలిసొచ్చింది. అప్పటినుంచి నాది మంచి చెయ్యి అని పేరు పెట్టాడు. ముక్కలు పంచగానే వాటిని నా చేత తాకించి, అప్పుడు తీసి చూసుకునేవాడు. ఆడపిల్లను అక్కడికి ఎందుకు తీసుకుపోతావని మా అమ్మ కోప్పడేది. నేను మాత్రం దారిలో జామకాయ కొనిస్తాడు కదా అని ఎగురుకుంటూ పోయేదాన్ని.

అప్పట్లో మేమూ చిన్నాయన వాళ్ళూ సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ సైకిల్ షాపు వెనక గదిలో ఆదివారం ఆదివారం రమ్మీ నడిచేది. చిన్నాయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. చెడ్డవాడేం కాదు, ఆట రానివాడూ కాదు. ఓడిపోవడం ఎలాగో ఆయనకు తెలియదు, అదే తంటా. గెలిచిన ఆట గురించి వారం పొడుగునా చెప్పేవాడు. పోయిన ఆట మాత్రం ఎప్పుడూ ఇంకెవరి వల్లనో పోయేది. కట్ట పాతదైంది, పంచినవాడు సరిగ్గా కలపలేదు, ఎదురుగా ఉన్నవాడు సమయం చూసి దగ్గాడు. చోటు మార్చేవాడు, చొక్కా మార్చేవాడు, ఆడే తీరు మాత్రం మార్చేవాడు కాదు. చిన్నమ్మ మా అమ్మ దగ్గర తన చంటివాడికి పాలు అడిగి తీసుకున్న రోజులూ ఉన్నాయి.

ఓ ఆదివారం ఎంతసేపటికీ ఆయనకు కావలసిన ముక్క పడలేదు. ఆటలో ఉన్న పెద్దమనిషి ఒకాయన, "గా పోరిని లేపవయ్యా ఆడికెంచి, దాని చెయ్యి మంచిగ లేదు" అన్నాడు. చిన్నాయన ఆయనను ఒక్కమాటైనా అంటాడనుకున్నాను. "జర బయట కూసో బిడ్డా" అన్నాడు నాతో. గడప బయట చెప్పుల మధ్య కూచుని నా అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆ రోజు జామకాయ కూడా లేదు.

ఆ వారమంతా నేను చంటివాడిని ముట్టుకోలేదు. అంతకుముందు బడినుంచి రాగానే వాణ్ణి ఎత్తుకోనిదే అన్నం తినేదాన్ని కాదు. ఇప్పుడు భయం. ముక్కలనే పాడుచేసిన చెయ్యి పసివాడికి ఏం చేస్తుందో ఏమో. చిన్నమ్మ గమనించి, ఒళ్ళో కూచోబెట్టుకుని అడిగితే ఏడుస్తూ చెప్పేశాను. ఆమె నన్ను ఓదార్చలేదు. కొంగుతో నా ముక్కు తుడిచి, "రేపు మీ చిన్నాయనతోని నేనాడుత" అంది.

మర్నాడు ఆదివారం. తిన్నాక చిన్నాయన చొక్కా వేసుకుంటుంటే, చిన్నమ్మ చాప పరిచి, పత్తాల కట్ట పెట్టి, పందేనికి చింతగింజలు కుప్పలు పోసింది. తనతో కాసేపు ఆడి పొమ్మంది. అంతకుముందే నన్ను లోపలి గదిలో, పాత చీరతో కట్టిన పరదా వెనక కూచోబెట్టి, నిద్రపోతున్న పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టేసింది. వద్దు వద్దని తలూపాను. నోటిమీద వేలు పెట్టి వెళ్ళిపోయింది. నేను కదిలితే వాడు లేస్తాడు, లేస్తే ఏడుస్తాడు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పరదా చిరుగులోంచి చూశాను.

పిల్ల ఏదని చిన్నాయన అడిగాడు. మేనత్త వచ్చి కొత్తపేటకు తీసుకుపోయిందని చిన్నమ్మ తడుముకోకుండా చెప్పింది. మొదట్లో ఆయనే గెలిచాడు. "చూసినవా, పోరి లేకుంటె ముక్కలు ఎట్ల ఒస్తున్నయో" అని చాపమీద అరచేత్తో కొట్టాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత గింజలు మెల్లమెల్లగా చిన్నమ్మవైపు పోవడం మొదలైంది. ఆయన చాపకు అటువైపు మారి కూచున్నాడు. కట్ట మళ్ళీ కలపమన్నాడు. చొక్కా విప్పేశాడు. చిన్నమ్మ మాత్రం ముక్కలు బాగలేకపోతే చూసిన వెంటనే పడేసి, కాసిని గింజలు ఇచ్చేసి ఊరుకునేది. ఆయన పడేస్తే కదా. ఎంత పనికిరాని ముక్కలొచ్చినా, ఆ ఒక్కటీ రాకపోతుందా అని చివరిదాకా పట్టుకుని, గుప్పెళ్ళకు గుప్పెళ్ళు ఇచ్చుకునేవాడు. తన కుప్ప అయిపోవచ్చాక నిట్టూర్చి, "పిల్ల పక్కనుంటె జర కలిసొచ్చేది" అన్నాడు.

చిన్నమ్మ లేచి పరదా తీసింది.

"గెలిచినప్పుడు గీడనే ఉన్నది. ఓడినప్పుడు గీడనే ఉన్నది" అంది. గొంతు పెంచలేదు. "నీకు పడేసుడు రాదు. దానికి పిల్ల ఏం జేస్తది? తన చెయ్యి మంచిది కాదని వారం సంది తమ్ముణ్ణి ముట్టలేదు, తెల్సా?"

నా ఒళ్ళో పిల్లాడు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. వాడికేమీ కాలేదు. ఆ సంగతి నేను కూడా అప్పుడే చూశాను. చిన్నాయన చేతిలో ముక్కలు కింద పెట్టి వచ్చి, నా పక్కన గోడకానుకుని కూచుని, తిమ్మిరెక్కిన నా మోచేతి కింద తన చెయ్యి పెట్టాడు. "తప్పయింది బిడ్డా" అన్నాడు. ఇంతలో గల్లీలోంచి ఎవరో ఆటకు రమ్మని కేకేశారు. చిన్నాయన మెడ తిప్పి, పిల్లాడు లేవకుండా చిన్నగా, "నేనొస్తలేను, పోండి" అన్నాడు. ఆ మాట వాళ్ళకు వినిపించనే లేదు, చిన్నమ్మ బయటికి వెళ్ళి చెప్పాల్సి వచ్చింది. ఆయన పడేయగా నేను చూసిన మొదటి ఆట అది.

ఆ రోజుతో మానేశాడని చెబితే అబద్ధమవుతుంది. అడపాదడపా పోయేవాడు. కానీ పెందలాడే తిరిగొచ్చేవాడు. ఓడిపోతే ఓడిపోయానని చెప్పేవాడు, ఇంకెవరినీ అనేవాడు కాదు. పోనుపోను పోవడమే తగ్గిపోయింది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో మా ఇంట్లో మా మనవడు ముఖాలు తెలియని మనుషులతో ఫోన్‌లో పత్తాలాడుతుంటాడు. మొన్న డబ్బులు పోతున్నకొద్దీ సోఫాలోంచి బాల్కనీలోకి, అక్కడినుంచి మంచం మీదికి మారాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఆఖరికి, "నానమ్మా, జర నా పక్కన కూసో, నీది లక్కీ హ్యాండ్" అన్నాడు. "కూసుంట గని, గా ఆట పడేస్తెనే" అన్నాను. మూతి ముడుచుకున్నాడు. చాలాసేపటికి ఫోన్ బోర్లా పెట్టాడు. నేను పక్కన కూచుని వాడి తల నిమిరాను. రేపు మళ్ళీ తెరుస్తాడేమో, రేపు మళ్ళీ చెబుతాను.

నా మటుకు నేను ఆ పరదా వెనకనుంచి ఒకటి తెచ్చుకున్నాను. చుట్టుపక్కల ఎవరింట్లో పసిబిడ్డ పుట్టినా చూడటానికి పోతాను. కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఎవరూ ఇవ్వకముందే నా రెండు చేతులూ చాపుతాను.