మా బావ చూసిన సముద్రం

నా నోరు ఊరుకోదు. ఉన్నది ఉన్నట్టు అనకపోతే కడుపుబ్బిపోతుంది. ఖతర్‌లో మా క్యాంపు రూములో ఎనిమిది మంచాలుంటే, ఆరు మంచాలవాళ్లతో ఈ కారణంగానే ఏదో ఒకనాడు గొడవపడ్డాను. ఎవడైనా ఇంటికి ఫోన్ చేసి ‘ఏసీల కూసొని పని జేస్తున్న’ అన్నాడనుకోండి, నేను పక్క మంచం మీదినుంచి ‘అవునమ్మా, నెత్తిమీద సూర్యుడే ఏసీ’ అని గట్టిగా అరిచేవాణ్ని. నాతో ఎన్నడూ గొడవపడనివాడు మా బావ ఒక్కడే. సొంత బావ కాదు. మాది ఒకే ఊరు, వరసకు బావ. నాకంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ మనిషి.

నూనెకూ గ్యాసుకూ ధర మీద ధర పలుకుతున్న రోజులవి. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. నిన్న ఖాళీగా ఉన్న జాగాలో ఇవాళ పునాది కనిపించేది, పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి అక్కడ అద్దాల మేడ లేచేది. మా కంపెనీకి సముద్రం ఒడ్డున జెయింట్ వీల్ కట్టే పని దొరికింది. జాతరలో తిరిగే రంగులరాట్నం లాంటిది కాదు. దాని పెట్టెలకు అద్దాలు, తలుపులు, లోపల చల్లగాలి. ఒక్కో పెట్టెలో ఆరుగురు కూర్చోవచ్చు.

నేను క్రేన్ కొక్కేనికి బరువులు కట్టేవాణ్ని, బావ హెల్పర్. ఇద్దరిదీ నేలమీది పనే. ఎత్తు మీద పనిచేసేవాళ్లకు ముందు మెడికల్ ఉంటుంది. బావ రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ ఫెయిలయ్యాడు. బీపీ అన్నారు. అసలు సంగతి నాకు తెలుసు. క్యాంపులో పై మంచం ఇస్తేనే పడుకోలేక కింద చాప వేసుకున్న మనిషి ఆయన.

వీల్ నిలబడ్డాక, మనుషులను ఎక్కించే ముందు దాన్ని బరువుతో తిప్పి చూడాలన్నారు. మనుషులకు బదులు ఇసుక. వారం రోజులు నేనూ బావా సంచుల్లో ఇసుక నింపి, తూకం వేసి, మూతి కట్టి, ఒక్కో పెట్టెలో ఆరుగురి బరువు పేర్చాం. తర్వాత చక్రం కదిలింది. మేము నింపిన సంచులు అద్దాల వెనక కూర్చుని మెల్లగా పైకి పోతుంటే అందరం తలలెత్తి చూశాం.

‘‘మనకంటె ఇసుకకే నసీబున్నది బామ్మర్దీ’’ అన్నాడు బావ. ఆయన అంత పొడుగు మాట అనడం అదే మొదలు.

బావకు ఒక్కతే కూతురు. అప్పటికి ఎనిమిదేళ్లు. ఖతర్ అంటే దానికి తెలియదు, ‘మా బాపు దుబాయిల రంగులరాట్నం కడుతుండు’ అని బడంతా చాటింది. ప్రతి శుక్రవారం ఫోన్లో ఒకటే ప్రశ్న.

‘‘బాపూ, ఎక్కినవా? మీదికెళ్లి ఏం కనవడ్తది?’’

‘‘వచ్చినంక చెప్త బిడ్డా’’ అనేవాడు.

ఎక్కానని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. కానీ అన్నాక, ఏం కనిపించిందని అడిగితే? చూడనిదాన్ని అల్లి చెప్పడం ఆయనకు చేతకాదు. అందుకే ‘వచ్చినంక చెప్త’ అంటూనే రెండేళ్లు వాయిదా వేశాడు. ఈలోగా వీల్ పని అయిపోయి, మమ్మల్ని మెసయీద్‌కు మార్చారు. అక్కడ రాత్రింబవళ్లు గొట్టం మీద మంట వెలిగే గ్యాసు ఫ్యాక్టరీలో పైపుల పని. వీల్ జనానికి తెరిచారని ఎవరో చెబితే విన్నాం.

ఆ చలికాలం బావ పని ముగిసింది. ఇక తిరిగి వచ్చేది లేదు, ఆదివారం విమానం. బుధవారం నాడు రొట్టె తింటూ తింటూ ఆగి, ‘‘బామ్మర్దీ, గది ఒక్కసారి ఎక్కాలె. బిడ్డ మొకం సూసి ఏం చెప్పాలె నేను?’’ అన్నాడు. ‘‘శుక్రవారం పోదాం’’ అన్నాను.

శుక్రవారం కంపెనీ బస్సు దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో దింపింది. సూర్యుడు మునిగాక మళ్లీ అక్కడే ఎక్కాలి. ఇద్దరం ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నాం. సముద్రం ఒడ్డు వెంట నడుస్తుంటే బావ జేబులోంచి ఒక కార్డు తీశాడు. వీల్ కట్టేనాటి గేట్ పాస్. తేదీ దాటి ఏడాదిన్నర అయింది, ఫోటోలో ముఖం సగం చెరిగిపోయింది.

‘‘గిది సూపిస్తె ఆపరు’’ అన్నాడు ధీమాగా.

నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. ఆ గేటులోంచి వందలసార్లు వెళ్లాం. ఎన్నడూ ఎవరూ ఆపలేదు. అప్పుడు మేము డ్యూటీ బట్టల్లో ఉన్నామన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

గేటు దగ్గర నేపాలీ గార్డు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, తిరిగి చేతిలో పెట్టాడు. ‘‘ఆజ్ ఫ్యామిలీ డే హై భాయ్. బ్యాచిలర్ మాఫీ.’’

మాఫీ అంటే అక్కడ ‘లేదు’ అని. శుక్రవారం కుటుంబాలకు మాత్రమేనట. మాకేమో వారంలో సెలవు అదొక్కటే. నాకు తిక్క రేగింది. ‘‘బ్యాచిలర్ ఎవడు? నాకు ఇద్దరు పిల్లలు. గీయనకు బిడ్డ ఉన్నది. పెండ్లాం పక్కన లేకపోతె బ్యాచిలరా?’’ అని హిందీలో, తెలుగులో, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అరిచాను. గార్డు కోపగించుకోలేదు. వాడూ మాలాంటి బ్యాచిలరే పాపం. బావ నా చొక్కా పట్టి లాగుతున్నాడు. ‘‘పోదాం పా, పోదాం పా.’’

‘‘తెలుగువాళ్లేనాండీ? ఏమైంది?’’ అని వెనకనుంచి ఒకావిడ. పక్కన భర్త, ముగ్గురు పిల్లలు. యాస చూస్తే గోదావరి వైపు మనుషులు. నేను ఆ కోపంలోనే సంగతంతా చెప్పేశాను, ఇసుక సంచులతో సహా. ఆవిడ భర్త ముఖం చూసింది. ఆయన తలూపాడు.

‘‘మేం ఐదుగురం అండీ. ఇంకొక్కరికి చోటుంది. అన్నయ్యగారు మాతో వచ్చేస్తారు’’ అని, గార్డు వైపు తిరిగి బావను చూపిస్తూ, ‘‘యే మేరా భాయీ హై’’ అంది.

పచ్చి అబద్ధం! నాకు గొంతుదాకా వచ్చింది. మింగేశాను. గార్డు కూడా అబద్ధమని తెలిసే, సముద్రం వైపు చూస్తూ దారి వదిలాడు. సాగనంపడానికని నన్ను కూడా మెట్లదాకా రానిచ్చాడు.

ఆ చక్రం ఆగదు. మెల్లగా తిరుగుతూనే ఉంటుంది, పెట్టె ముందుకు రాగానే అడుగు వేసి ఎక్కాలి. పిల్లలు ఎక్కేశారు, ఆలుమగలు ఎక్కేశారు. బావ కాలు లేపాడు. కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. పెట్టె కదిలిపోతోంది, లోపలినుంచి ఆవిడ ‘‘రండి, రండి’’ అంటోంది.

‘‘నాతోని కాదు. నువ్వు పో’’ అన్నాడు బావ.

‘‘నేనెందుకే? నీ కోసం గదా వచ్చింది!’’

‘‘పోయి సూసిరా. మంచిగ సూసిరా’’ అని రెండు చేతులతో నన్ను లోపలికి తోశాడు. తలుపు పడింది.

లోపల చప్పుడే లేదు. బయట గాలి, హారన్లు, నా అరుపులు అన్నీ ఒక్కసారి తెగిపోయాయి. నేల మమ్మల్ని వదిలిందని కూడా తెలియలేదు. చూస్తుండగానే ఖర్జూరం చెట్ల తలలు కిందికి జారాయి, తర్వాత దీపస్తంభాలు జారాయి. మూడేళ్లు నేను మెడ విరిచి చూసిన క్రేన్ల కొక్కేలు నా కళ్లకు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. కాసేపటికి అవీ కిందికి పోయాయి.

సముద్రం మూడు రంగుల్లో ఉంది. ఒడ్డున సొరకాయ రంగు, దాని అవతల పచ్చ, ఇంకా అవతల నీలం. నీలం దగ్గర ఆకాశం ఎక్కడ మొదలవుతుందో పోల్చుకోలేకపోయాను. చెక్క పడవలు కదలకుండా నిద్రపోతున్నాయి. సగం లేచిన మేడలు, వాటికి కప్పిన పట్టాలు, వాటి వెనక ఊరు అయిపోయి ఒక్కసారిగా ఇసుక. ఆ ఇసుక మీద పొద్దుగూకే వెలుగు పసుపు చల్లినట్టుంది. మెసయీద్ దిక్కున సన్నటి మంట కనిపించిందనుకున్నాను. కాకపోవచ్చు కూడా, అంత దూరం ఎలా కనిపిస్తుంది? ఆ పూట అన్నీ కనిపించేలాగే ఉన్నాయి. నేను ఎవరినో, ఎక్కడివాణ్నో కాసేపు మరిచిపోయాను. చిన్నపిల్లకు భయమేసి నా వేలు పట్టుకుంది. ఆ వేలు కూడా నాది కాదేమో అనిపించింది.

కిందికి చూస్తే బావ, ఆవగింజంత. చేతులు వెనక్కి కట్టుకుని పైకి చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. అద్దం మీద ఎండ పడిందో ఏమో, ఆయన ఊపలేదు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆవిడ చూసి, చూడనట్టు పిల్లలకు పడవలు చూపించింది.

దిగగానే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ‘‘ఏం కనవడ్డది?’’

చెప్పాను. ముషైరిబ్‌దాకా నడుస్తూ చెప్పాను, బస్సులో మళ్లీ చెప్పాను. మధ్యలో ఆపి అడిగేవాడు. ‘‘మొదట ఏ రంగన్నవ్? సొరకాయ. తర్వాత?’’ బడిపిల్లాడిలా కళ్లు మూసుకుని పెదాలు కదిపేవాడు. శనివారం కూడా, సామాను కడుతూ రెండుసార్లు చెప్పించుకున్నాడు. నా బుద్ధి ఊరుకుంటుందా!

‘‘బావా, బామ్మర్ది ఎక్కి సూసిండని చెప్పు. నువ్వెక్కినవని చెప్పకు. పిల్లతోని అబద్ధమాడకు’’ అన్నాను.

‘‘సరే’’ అన్నాడు, నా ముఖం చూడకుండా.

మరుసటి ఏడాది నేను సెలవు మీద ఊరెళ్లాను. బావ ఇంటికి పోతే వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు, కూర్చోమని పీట జరిపాడు. కూతురు పరుగెత్తుకొచ్చింది. జానెడు పొడుగు పెరిగింది.

‘‘మామా, సముద్రం మూడు రంగులుంటదట గదా! ఒడ్డుకు సొరకాయ రంగు’’ అని మొదలుపెట్టింది. ఒక్క ముక్క పొల్లుపోలేదు. నిద్రపోయే పడవలు, ఇసుక మీది పసుపు, మెసయీద్ మంట. ‘‘ఒక పిల్ల భయపడి మా బాపు ఏలు పట్టుకున్నదట. నువ్వేమో కింద ఆవగింజంత కనవడ్డవట. బాపు చెయ్యి ఊపితె నువ్వు ఊపనే లేదట!’’

నేను బావను చూశాను. తల వంచుకుని ఒలిచిన కంకినే మళ్లీ ఒలుస్తున్నాడు. గింజలు లేని బెండు మీద ఆయన బొటనవేలు కదులుతూనే ఉంది.

‘‘నువ్వెందుకు ఎక్కలే మామా?’’ అంది పిల్ల.

కడుపు ఉబ్బింది. ఎన్నడూ లేనంతగా ఉబ్బింది.

‘‘నాకు భయం బిడ్డా. కండ్లు తిరుగుతయ్’’ అన్నాను.

‘‘మా బాపుకైతె భయమే లేదు, ఎరుకేనా?’’

‘‘ఎరుకే బిడ్డా’’ అన్నాను.