అల్లుడు కొరికిన అప్పడం

ఆ రోజుల్లో నాకు లోకమంతా చప్పుళ్ళుగానే ఉండేది. ఎదుటివాళ్ళు కంటతడి పెట్టుకుంటే జాలిపడటం మానేసి, ముక్కు ఎలా ఎగబీల్చారో గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఒంగోలు నుంచి చెన్నై వచ్చి, వడపళనిలోని ఒక చిన్న స్టూడియోలో సినిమాలకి సౌండ్ ఎఫెక్ట్స్ చేసే గురువుగారి దగ్గర సహాయకుడిగా చేరాను. తెర మీది మనుషుల మాటలు తప్ప తక్కిన చప్పుళ్ళన్నీ, అంటే అడుగులు, గాజులు, గిన్నెలు, తలుపు గడియలు, మళ్ళీ మైకు ముందు పుట్టించడమే మా పని. (పెళ్ళిసంబంధాల వాళ్ళకి ఇది వివరించలేక మా నాన్న "సినిమాల్లో ఇంజనీరు" అని చెప్పేవాడు. ఆ ఇంజనీరు కొబ్బరి చిప్పలతో గుర్రాల్ని పరిగెత్తిస్తున్న సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.)

అలా ఉండగా గురువుగారు కంటికి ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చి, ఒక సినిమాలోని భోజనాల సీను నాకు అప్పగించారు. "ఇది నీ చేతుల మీదుగా బాగా వస్తే, వచ్చే సినిమా మొత్తం నీకే వదిలేస్తానురా" అన్నారు. సీను చూడ్డానికి చిన్నదే. పోట్లాడుకున్న మామా అల్లుళ్ళు పక్కపక్కన కూర్చుని తింటూ ఉంటారు. ఎవరూ నోరు మెదపరు. ఆ నిశ్శబ్దంలో అల్లుడు అప్పడం కొరుకుతాడు. అంతే. ఆ అంతే అన్నదానికి నేను నిద్ర మానుకున్నాను.

మా రికార్డింగ్ ఇంజనీరు తాతల నాటి నుంచీ మద్రాసులోనే ఉన్న కుటుంబం మనిషి. ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. "చిప్స్ నమిలే సౌండు ఉండాది కదా తంబీ, అది ఏసేస్తే పోలా?" అన్నాడు తేలిగ్గా. నేను ఊరుకోలేదు. అల్లుడిది గోదావరి జిల్లా అనీ, వాళ్ళింట్లో మందపాటి మినపప్పడమే వేయిస్తారనీ, ఇక్కడి పల్చటి అప్పళం చప్పుడులో బరువు ఉండదనీ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పనిలో శ్రద్ధ అంటే ఏమిటో వేరే చెప్పాను. ఆయన పాపం కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

ఒంగోలులోని మా ఇంటి నుంచి అలాంటి అప్పడాలే తెప్పించి, మైలాపూరులో నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మకిచ్చి వేయించమన్నాను. ఆవిడకి నా బాధ అర్థం కాలేదు. "ఈడ అప్పళానికి ఏం తక్కువ? నువ్వు దినామూ తినేది అదే కదా" అంది. "అల్లుడికి ఇదే కావాలి పెద్దమ్మా" అన్నాను. ఆవిడ గరిటె ఆపేసి, "అల్లుడా? ఎవురికి?" అంది.

ఆవిడ వేయించిన అప్పడాలు బస్సులో వడపళని చేరేసరికి తడిగుడ్డల్లా అయ్యాయి. సముద్రపు గాలి నా పట్టుదలని లెక్కచేయలేదు. దాంతో మర్నాడు పెద్దమ్మనే, స్టవ్వుతో మూకుడుతో సహా, ఆటోలో స్టూడియోకి తీసుకుపోయాను. ఆవిడ మేడ మీద వేయిస్తుంటే, నేను పళ్ళెం మీద గుడ్డ కప్పి మెట్లన్నీ దిగి పరిగెత్తుకొచ్చి మైకు ముందు కొరికేవాణ్ణి. ఒకటి నోటిదాకా రాకుండానే విరిగింది. ఒకటి తుపాకీలా పేలింది. ఇంకొకటి అన్నకి నచ్చింది గాని నాకు నచ్చలేదు. మధ్యాహ్నానికి నా కడుపు మైకులో పడేంత గట్టిగా మూలగసాగింది. అన్న హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసి, "ఇది అల్లుడిదా, నీదా?" అని అడిగాడు.

ఎట్టకేలకు ఒకటి కుదిరింది. ఇంతలో నల్లకళ్ళద్దాలతో గురువుగారే దిగారు. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయారట. తల వంచుకుని రెండుసార్లు విన్నారు.

"అప్పడం బ్రహ్మాండంగా ఉందిరా. కాని నీ అల్లుడు మంచి ఆకలి మీదున్నాడు."

నాకు అర్థం కాలేదు.

"వాడికి అక్కడ తినాలని లేదు. లేచిపోదామంటే మర్యాద కాదు. మామగారితో మాట్లాడాల్సి వస్తుందేమోనని అప్పడం నోట్లో పెట్టుకున్నాడు. నువ్వేమో పెళ్ళిభోజనానికి కూర్చున్నట్టు కొరికావు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పడం జాతకమంతా పట్టించుకున్నాను గాని, తినేవాడి మొహం చూడనేలేదు. అప్పుడే పెద్దమ్మ ఆయాసపడుతూ మెట్లు దిగొచ్చి, "ఇదే ఆఖరు నాయనా. నూనె అయిపోయినాది" అంటూ పళ్ళెం నా ముందు పెట్టింది. దాన్ని చూడగానే కడుపులో దేవినట్టయింది. వద్దందామంటే ఎదురుగా గురువుగారు. మెల్లగా ఎత్తి, శిక్ష అనుభవిస్తున్నవాడిలా అంచు మాత్రం కొరికాను. గొంతు దిగక కాసేపు ఆగాను. బలవంతాన మళ్ళీ నమిలాను.

గురువుగారు తల పంకించి, "ఇదిరా" అన్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఎలా చేశావు?" అని అడిగారు.

"నిజంగానే తినలేకపోయానండీ."

"ఆ సంగతి ఎవరికీ చెప్పకు" అన్నారాయన. వచ్చే సినిమా నాకే ఇచ్చారు.

సినిమా విడుదలయ్యాక పెద్దమ్మనీ అన్ననీ హాలుకి తీసుకెళ్ళాను. భోజనాల సీను వచ్చింది. హాలంతా సద్దుమణిగింది. తెర మీద అల్లుడు అప్పడం నోటి దగ్గరికి తెచ్చే సమయానికి, పెద్దమ్మ పక్కసీటు ఆవిడ వైపు తిరిగి స్పష్టంగా, "ఆ అప్పళం నేను ఏంచినదే" అంది.

ఇప్పుడు నా దగ్గరా కుర్రవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా ఒక్క గాజు చప్పుడు కోసం పూటంతా తగలేస్తే విసుక్కోబోయి, మెట్ల మీద పళ్ళెం పట్టుకుని పరిగెత్తే ఆ పిచ్చివాడు కళ్ళముందు మెదిలి ఊరుకుంటాను. అప్పుడప్పుడు ఆ సినిమా టీవీలో వేస్తారు. మా ఆవిడ పనులు ఆపుకుని వచ్చి కూర్చుని, సీను అయ్యాక, "బాగా వచ్చింది కదండీ మీ అప్పడం" అంటుంది.

"ఏమో, నాకింతవరకు వినపడలేదు" అంటాను. పెద్దమ్మ పోయి ఎన్నేళ్ళయినా, అల్లుడు అప్పడం ఎత్తాడంటే చాలు, నా చెవుల్లో ఆవిడే మాట్లాడుతుంది.