పార్ట్ వన్ తెలుగు

మా రోజుల్లో బీఏ హిస్టరీ పట్టా చేతికి రావాలంటే ఏమేం కావాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మొత్తం మూడు భాగాలు. పార్ట్ వన్ ఒక భాష. పార్ట్ టూ ఇంగ్లీషు. పార్ట్ త్రీ అసలు చరిత్ర: ప్రాచీన భారతం, మధ్యయుగం, ఇంగ్లీషువాళ్ల కాలం, యూరప్, వీటికి తోడు రాజకీయ శాస్త్రం, అర్థశాస్త్రం. ఫస్ట్ క్లాసా సెకండ్ క్లాసా అన్నది పార్ట్ త్రీ మార్కులు చూసి ఇస్తారు. కానీ మూడింటిలో ఏ ఒక్కటి పోయినా పట్టా రాదు. చరిత్రలో నువ్వు అందరికంటే ముందున్నా సరే, భాషలో తప్పావా, ఇంట్లో కూర్చో. ఈ చివరి ముక్క మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పినా చెవిన పెట్టే వయసు కాదులెండి.

మాకు అంటే నాకూ, మా మేనమామ కూతురికీ. మా ఇల్లు ఒర్లియంపేటలో. నాయనకు బజార్లో పూజా సామాన్ల అంగడి ఉండేది. మామ వాళ్లది రెడ్డియార్‌పాళయం. మామ కూతురు నాకంటే రెండు నెలలు పెద్దది, కాబట్టి నాకు వదిన. నన్ను ఏడిపించడానికి తనూ నన్ను వదినే అని పిలిచేది. పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికి వచ్చి, మా అమ్మ చేతి కాఫీ తాగి, నన్ను వెంటబెట్టుకుని నడిచి బడికి పోయేది. ఇద్దరం కలిసే చదివాం, కలిసే తిట్లు తిన్నాం. సర్కారు బడిలో హిస్టరీ టీచర్లం కావాలని ఇద్దరం కలిసే అనుకున్నాం. మా ఇళ్లలో ఆడపిల్ల ఉద్యోగం అంటే ఎవరూ ఒప్పుకునేవాళ్లు కారు. టీచరమ్మ అయితే పరవాలేదు అన్నారు. దానికి ముందు బీఏ పాసవ్వాలి, ఆ తర్వాత ట్రైనింగు. బీఏ రాకపోతే నాకు మిగిలేది అంగట్లో కూర్చుని కర్పూరం పొట్లాలు కట్టడమే. ఆ సంగతి నాయన ముందే చెప్పేశాడు.

డెబ్బైల మధ్యలో ఒక వేసవిలో కాలేజీ ఫారాలు రెండూ మామే తెచ్చాడు. మా ఇంటి తిన్నె మీద కూర్చుని, అందరూ చుట్టూ మూగి చూస్తుండగా, తనే నింపాడు. ఒక గడిలో మాతృభాష అని ఉంది. తెలుగు అని రాశాడు. నాలుగు గడుల కింద పార్ట్ వన్ భాష అని ఉంది. మామ కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఇదేంది, ఒకే మాటను రెండు తూర్లు అడగతా ఉండారు?" అన్నాడు. అక్కడా తెలుగు అనే రాశాడు. మనం తెలుగోళ్లమే గదా, ఇంట్లో మాట్లాడేదే గదా, దీనికి మళ్లీ చదవాల్సిన పనేముంది, ఉన్న కాలమంతా చరిత్రకే పెట్టుకోవచ్చు అని మాకు ధైర్యం కూడా చెప్పాడు. అందరూ మురిసిపోయారు. నాయన అయితే, మన భాషకు కాలేజీలో మర్యాద ఉందే అని మీసం దువ్వుకున్నాడు.

ఆ తిన్నె మీద ఉన్న ఎనిమిది మందిలో తెలుగు అక్షరం చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. తరాల కిందటే తమిళుల మధ్యకు వచ్చి పడ్డవాళ్లం, మా పెళ్లిపత్రికలు తమిళం, అంగడి బోర్డు తమిళం, మా బడి చదువంతా తమిళం. తెలుగు మా నోట్లో మాత్రమే ఉండేది. తమిళులైతే తమిళం అని రాసి ఊరుకుంటారు. నెల్లూరు వాళ్లో చిత్తూరు వాళ్లో అయితే తెలుగు రాస్తారు, వాళ్లకు చదవడం వచ్చు. ఈ తప్పు మా వాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరు.

కాలేజీ తెరిచిన మొదటి వారం భాషల క్లాసుల పేర్లు చదివారు. తమిళం ఏ సెక్షన్, బీ సెక్షన్, ఫ్రెంచి, హిందీ. ఎందులోనూ మా పేర్లు లేవు. ఆఫీసుకు పోతే హెడ్ క్లర్కు మా ఫారాలు తీసి చూసి నవ్వాడు. తెలుగుకు ఇక్కడ అయ్యవారు లేడు, పుస్తకాలు కొనుక్కుని మీ అంతట మీరే చదువుకుని పరీక్ష రాయండి అన్నాడు. తమిళానికి మార్చండి సార్ అని ఇద్దరం బతిమాలాం. రెండు సెక్షన్లూ నిండిపోయాయి, ఎవరైనా మానేస్తే చూద్దాం, మార్చుకోవడానికి నెలరోజులే గడువు అన్నాడు. మంచివాడే. ఇద్దరి అర్జీలూ తీసి పెట్టుకున్నాడు. మేం రోజూ మధ్యాహ్నం ఆ కిటికీ దగ్గరికి కాళ్లరిగేలా తిరిగాం.

ఎందుకైనా మంచిదని అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాం. మా వీధికి నెల్లూరు నుంచి కోడలుగా వచ్చిన ఒకావిడ ఉండేది. వీధి మొత్తానికి తెలుగు చదవగలిగింది ఆవిడ ఒక్కతే. సాయంత్రాలు వంట పనయ్యాక మమ్మల్ని తిన్నె మీద కూర్చోబెట్టి అ ఆలు దిద్దించేది. పదిహేడేళ్ల గాడిదలం, పలకలు పట్టుకుని కూర్చుంటే వీధిలో పిల్లలు వచ్చి వెక్కిరించేవాళ్లు. వదిన నవ్వి నవ్వి పలక కింద పెట్టేసేది. నాకు మాత్రం రోషం. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, ఆ నెల రోజులూ ఉన్నంత సరదాగా బతుకులో నేను ఎప్పుడూ లేను.

గడువు ఇంకో వారం ఉందనగా నాకు జ్వరం వచ్చింది. వారం దాటేదాకా మంచం దిగలేదు. వదిన రోజూ కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది. ఆ రోజు హిస్టరీలో ఏం చెప్పారో చెప్పేది, దగ్గర కూర్చుని గంజి తాగించేది. మూడో రోజు సాయంత్రం, ఆఫీసులో ఏమైనా తెలిసిందా అని అడిగాను.

"ఇంకా ఏమీ లేదంట వదినే, నువ్వు పొణుకో," అంది. దుప్పటి కూడా సర్దింది.

జ్వరం తగ్గి కాలేజీకి పోయిన రోజు నోటీసు బోర్డు మీద తమిళం బీ సెక్షన్ జాబితా కొత్తగా అతికించి ఉంది. చిట్టచివర మా వదిన పేరు. నేను అది రెండుసార్లు చదివి పక్కకు తిరిగేసరికి వదిన ఏడుస్తూ ఉంది. మా నాయన నాకు చెప్పకుండా ఆఫీసుకు వచ్చి మార్పించేసినాడు వదినే, నాకేం తెలీదు అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనే దాని కన్నీళ్లు తుడిచాను. నువ్వేం చేస్తావు, ఊరుకో అని దగ్గరికి తీసుకున్నాను. గడువు దాటిపోయింది. ఆ సంవత్సరం తెలుగు రాయాల్సినదాన్ని ఆ కాలేజీ మొత్తానికి నేనొక్కదాన్నే మిగిలాను.

మామ మీద మాత్రం కడుపు మండింది. చిన్నప్పటి నుంచి నన్ను భుజాన మోసిన మనిషి. నా కూతురికి సీటు దొరికితే చాలు, చెల్లెలి కూతురు ఏమైపోతే నాకేం అనుకున్నాడని పగబట్టాను. ఆయన వస్తే లోపలికి పోయేదాన్ని. దీపావళికి ఆయన తెచ్చిన చీర అమ్మ ఎంత తిట్టినా కట్టుకోలేదు. ఎందుకమ్మా కోపం అని ఆయన రెండు మూడుసార్లు అడిగాడు. తెలియనట్టు అడుగుతున్నాడని ఇంకా ఒళ్లు మండింది. నాలుగేళ్లకు ఆయన గుండెపోటుతో పోయాడు. పోయేవరకూ ఆయనతో నేను సరిగా ఒక మాట మాట్లాడలేదు.

చరిత్ర నాకు వెన్నతో పెట్టిన విద్య అయింది. మూడేళ్లూ నోట్సు నేను రాస్తే వదిన నా పక్కన కూర్చుని చూసి రాసుకునేది. పరీక్షకు ముందు రోజు యూరప్ మొత్తం నేనే దానికి కథలా చెప్పేదాన్ని. ఫలితాలు వచ్చాయి. పార్ట్ త్రీలో నాకు ఫస్ట్ క్లాసు, దానికి సెకండ్ క్లాసు. పార్ట్ వన్‌లో నేను తప్పాను. అది బీఏ అయింది, నేను కాలేదు.

అది ట్రైనింగుకు పోయింది, సర్కారు బడిలో హిస్టరీ టీచరైంది. మేనరికం కాబట్టి మా అన్నకే ఇచ్చి చేశారు. దాని పట్టాను అన్న ఫ్రేము కట్టించి మా హాల్లో తగిలించాడు. నన్ను పక్క వీధిలోనే ఇచ్చారు గనుక పుట్టింటికి పోయినప్పుడల్లా అది కళ్లకు కనబడేది. నాకు అసూయ లేదని చెప్పను. కానీ వదిన మీద లేదు. మనలో ఒకరైనా గట్టెక్కారు అనుకునేదాన్ని.

నేను మాత్రం ఏడాదికి రెండుసార్లు ఆ తెలుగు పరీక్ష రాస్తూనే పోయాను. నెల్లూరావిడ చదివింది ఎనిమిదో తరగతి. పద్యాలకు అర్థం అడిగితే ఆవిడే తెల్లమొహం వేసేది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చమంటే నేను మా ఇంట్లో మాట్లాడినట్టు యాడ, ఏంది అని సగం తమిళం కలిపి రాసి వచ్చేదాన్ని. దిద్దినాయన ఎంత నవ్వుకున్నాడో పాపం. చంకలో బిడ్డతో చదివాను, పొయ్యి దగ్గర చదివాను. ఎందుకమ్మా ఈ తాపత్రయం అని అత్తగారు అనేది. తొమ్మిదోసారి పాసయ్యాను. అప్పటికి ట్రైనింగు కాలేజీలో చేరే వయసు దాటిపోయింది. అయినా పట్టా తెచ్చుకుందామని, సంతకం కోసం ఎనభైల్లో ఒక మధ్యాహ్నం మళ్లీ ఆ ఆఫీసు కిటికీ దగ్గరికి పోయాను.

అదే హెడ్ క్లర్కు. జుట్టు నెరిసింది, ఇంకో రెండు నెలల్లో రిటైరు. నా కాగితాలు చూసి గుర్తుపట్టి, లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. తమిళంలో ఆయన చెప్పింది ఇది. ఇంత కాలం పట్టిందా తల్లీ, ఆ రోజు నువ్వు చేసిన పనికి దేవుడు నీకు ముందే ఇవ్వాల్సింది. ఏం పని అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి చెప్పుకొచ్చాడు. సోలై నగర్ నుంచి వచ్చే ఒకమ్మాయికి నర్సు ట్రైనింగులో చోటు దొరికి కాలేజీ మానేసింది. తమిళంలో ఒక్క సీటు ఖాళీ అయింది. నువ్వు రాలేదు, మీ వదిన వచ్చింది. ఉన్నది ఒక్కటే, ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకుని ఎవరో ఒకరు రేపు రండి అని చెప్పి పంపాను. మర్నాడు మీ వదినే, తండ్రి రాకుండానే, అర్జీ మీద ఆయన పేరు తనే రాసుకుని వచ్చింది. మా వదిన నన్నే తీసుకోమంది సార్ అని చెప్పింది. ఈ కాలంలో ఇలాంటి పిల్ల కూడా ఉంటుందా అని ఆ రోజు మా ఇంట్లో నీ గురించి చెప్పాను తల్లీ.

ఆయన నన్ను మెచ్చుకుంటూనే ఉన్నాడు. సంతకం తీసుకుని బయటకు వచ్చాను. దారి పొడుగునా మామ మొహమే కళ్ల ముందు. ఎందుకమ్మా కోపం అని ఆయన నిజంగానే తెలియక అడిగాడు.

నేరుగా పుట్టింటికే పోయాను. అన్న అంగట్లో ఉన్నాడు, అమ్మ గుడికి పోయింది. వదిన అప్పుడే బడి నుంచి వచ్చి మొహం కడుక్కుంటూ ఉంది. నేను కూర్చోలేదు. హెడ్ క్లర్కు చెప్పిందంతా చెప్పి, నిజమేనా అని అడిగాను. తువాలు మొహానికి అదుముకుంది. నిజమే అంది.

మరి మామ పేరెందుకు చెప్పావు, ఆ మనిషిని పోయేదాకా కాల్చుకు తిన్నాను గదా అన్నాను. ఎవరో ఒకరి పేరు చెప్పాలి గదా, నువ్వు ఇన్నేళ్లు పట్టుకోని కూర్చుంటావని అనుకోలా అంది. కొట్టి ఉండేదాన్నే, చెయ్యి లేవలేదు.

"నన్ను ఒక్క మాట అడిగుంటే ఏమి వదినే?" అన్నాను.

"అడిగుంటే నువ్వు నన్నే పొమ్మనుంటావు. అది నాకు తెలుసు," అంది. "అట్ల తీసుకునుంటే జన్మంతా నీ ముందర తల వంచుకోనే ఉండాల. అందుకే అడగలా."

ఆ తర్వాత తువాలు దండెం మీద ఆరేసి, కాఫీ పెడతా ఉండు అని వంటింట్లోకి పోయింది. నేను ఉండలేదు.

అది చెప్పింది నిజం. ఆ వయసులో నేను అలాగే అనేదాన్ని. నువ్వు పో వదినే, నేను ఎట్లనో గట్టెక్కుతా అనేదాన్ని. అలా అని ఉంటే ఆ తొమ్మిది పరీక్షలూ నేను కోరి నెత్తిన పెట్టుకున్నవి అయ్యేవి. టీచర్ని కాలేకపోయినా, నా వదినకు నేను ఇచ్చుకున్నానన్న తృప్తితో ఆ ఫ్రేము వైపు చూసేదాన్ని. మామ తెచ్చిన చీర కట్టుకునేదాన్ని. నేను ఇస్తానని తెలిసీ, నా చేత ఇప్పించుకోకుండా నా వెనక తీసుకుంది. ఇప్పటికీ పండక్కి అది వడ్డిస్తే తింటాను, వదినే అనే పిలుస్తాను. క్షమించలేదు.